రుద్రదేవ మహారాజైన రుద్రమదేవి



మీలో ఎందరో శేరిలింగంపల్లి నుండి అనుదినమూ గచ్చిబౌలి, మాదాపూరుల అద్దాల మేడలకు వెళ్లి వచ్చేవారే. ఆ మేడల పై అంతస్తులలో నిలిచి ఆగ్నేయ దిశగా దృష్టి సారిస్తే గోల్కొండ కొండ కానవస్తుంది. కుతుబ్ షాహీలకు పూర్వం ఆ కొండపై కాకతీయుల మట్టికోట ఉండేదని, రుద్రమదేవి దానిని పటిష్ఠం చేయించినదని ప్రతీతి. ఆ మహారాణి శౌర్యగాథలు మీకు క్రొత్త కావు; 2015లో చలనచిత్రంగానూ చూచి ఉంటారు. నేడు మనం తలచుకోదలచినది ఆమె ఖడ్గాన్ని కాదు, ఆమె సింహాసనాన్ని. కుమార్తెకు సింహాసనార్హత ఊహించని ధర్మశాస్త్రాల నీడలో ఒక తండ్రి, ఒక గురువు, ఒక కుమార్తె ఏ త్రోవన నడిచినారో చూడండి.

కాకతి గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చి ఆరు దశాబ్దాలకు పైగా తెలుగునేలను ఏలినవాడు. దివిసీమ నేలిన అయ్యవంశపు పినచోడి కుమార్తెలైన నారాంబ, పేరాంబలను పరిణయమాడినాడు. నృత్తరత్నావళి రచించిన జాయప సేనాని వారి సోదరుడే. ఇంతటి చక్రవర్తికి పుత్రసంతానం లేదు. రుద్రమ, గణపాంబ అని ఇద్దరు కుమార్తెలు. గణపాంబను ధరణికోట నేలిన కోట బేతరాజుకు ఇచ్చినారు. రుద్రమ విషయం అంత సులువు కాదు.

ఎందుకు కాదో అర్థం కావాలంటే శాస్త్రం వైపు ఒకమారు తిరగాలి. కాకతీయులకు ముందు తరాలలో కల్యాణి చాళుక్యుల ఆస్థానాన వెలసిన విజ్ఞానేశ్వరుని మితాక్షర, పుత్రులు లేనివాని ఆస్తి భార్యకు, ఆపై కుమార్తెలకు చెందుతుందని అంగీకరించింది. అయితే ఇల్లూ పొలమూ వేరు, రాజ్యం వేరు. రాజధర్మం చెప్పిన గ్రంథాలన్నీ రాజంటే పురుషుడనే భావించి సాగినవి. కన్నతండ్రికి మిగిలిన మార్గమొకటే, పుత్రికా ధర్మం. పుత్రులు లేని తండ్రి తన కుమార్తెనే పుత్రస్థానంలో నిలుపుకొని, ఆమెకు పుట్టే బిడ్డను తన వంశానికి పుత్రునిగా స్వీకరించవచ్చునని మనుస్మృతి అనుమతిస్తుంది. ఆ స్మృతియే మరొక చోట వరునికి హెచ్చరిక కూడా చేస్తుంది. సోదరులు లేని కన్యను వివాహమాడేముందు వివేకి ఆలోచించుకోవాలట. ఆమె పుత్రిక అయితే పుట్టే కొడుకు మామగారి వంశానికి పోతాడు, అల్లుని పితరులకు పిండోదకాలు పెట్టేవాడు ఉండడు. సామాన్య గృహస్థునికే ఇంత సంకటమైతే, రాజకుమారుని సంగతి చెప్పేదేమున్నది?

ఆ సంకటానికి సిద్ధపడి వచ్చినవాడు వీరభద్రుడు. నిడదవోలు నేలిన తూర్పు చాళుక్య వంశజుడు, ఇందుశేఖరుని కుమారుడు. చాళుక్యులు చంద్రవంశ క్షత్రియులమని చెప్పుకొనేవారు. కాకతీయులనో, కొన్ని శాసనాలు చతుర్థ కులజులని నిస్సంకోచంగా చెప్పగా, మరికొన్ని సూర్యవంశానికి ముడివేసినవి. కులమర్యాదల పట్టింపు అంతగా ఉన్న కాలంలో ఈ సంబంధం ఎట్లా కుదిరినదని మీకు సందేహం కలుగవచ్చు. రాజులకు సంబంధాలు కుదిర్చేది కులం ఒక్కటే కాదు, సరిహద్దులూ సైన్యాలూ కూడా. నిడదవోలు వారికి ఓరుగల్లు అండ కావలసి ఉన్నది. ఓరుగల్లుకు సింహాసనం అడగని అల్లుడు కావలసి ఉన్నాడు. నిజంగానే వీరభద్రుడు రాజునని ఎక్కడా ప్రకటించుకోలేదు. చరిత్రలో ఆయన దాదాపు మౌనంగా ఉండిపోయినాడు. ఆ మౌనానికి దక్కవలసినంత గౌరవం మనం ఇవ్వలేదని ఈ రచయిత అభిప్రాయం.

గణపతిదేవుడు కుమార్తెకు పురుష నామం పెట్టినాడు. రుద్రదేవ మహారాజు! శాసనాలలో ఆమె పేరు అనేకచోట్ల అట్లాగే కానవస్తుంది. పురుష వేషధారణతో కొలువుదీరేదని సంప్రదాయం. నేటివారికి ఇది విచిత్రంగా తోచవచ్చు. పుత్రికా ధర్మం మాటను గణపతిదేవుడు అక్షరాలా పట్టుకొన్నాడని అనుకోండి, విచిత్రం తొలగిపోతుంది. ఆమె కోసం శాస్త్రాన్ని ధిక్కరించలేదు. శాస్త్రంలోని ఒక వాక్యాన్ని సాగినంత దూరం సాగదీసినాడు. పుత్రిక కన్న కొడుకు రాజు కావచ్చునని శాస్త్రం అంటే, పుత్రికయే రాజు అని ఆయన అన్నాడు.

శైవం ఈ కథలోకి ప్రవేశించేది ఇక్కడే. గణపతిదేవునికి శివదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శంభువు. భాగీరథీ నర్మదల నడుమ నున్న డాహల మండలంలో వెలసిన గోళకీ మఠ పరంపరకు చెందిన ఆచార్యుడు. శైవదీక్షలో గురువు తండ్రి, శిష్యుడు పుత్రుడు. దీక్ష పుచ్చుకొన్నవానికి అది రెండవ జన్మ. ఆగమమార్గం స్త్రీలకు దీక్షాద్వారాన్ని పూర్తిగా మూయలేదు. 1261 నాటి మల్కాపురం శాసనం చదివితే ఆ గురువు రాజవంశానికి ఎంత సన్నిహితుడో తెలుస్తుంది. ఆయనకు మందడం గ్రామాన్ని ఇవ్వ సంకల్పించినవాడు గణపతిదేవుడు. ఆ దానాన్ని శాసనబద్ధం చేసి, వెలగపూడి గ్రామాన్ని కూడా చేర్చి ఇచ్చినది రుద్రమ. ఆ ధర్మంతో దేవాలయం, మఠం, అన్నసత్రం, విద్యాస్థానంతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా నడిచినవి. అన్నం పెట్టేటప్పుడు బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరినీ కాదనరాదని నియమం. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం, శాసనసభ నెలకొన్నది ఆ వెలగపూడిలోనే. పని మీద అటు వెళ్లినప్పుడు మల్కాపురం శిలాస్తంభాన్ని దర్శించి రండి. తండ్రి మాటను కుమార్తె నెరవేర్చడం పుత్రధర్మం. రాజగురువు సమక్షంలో రాతిపై చెక్కించిన ఆ పుత్రధర్మం కంటె పెద్ద పట్టాభిషేకం ఏముంటుంది?

అందరూ అంగీకరించినారా అంటే, లేదు. ఆడుది రాజేమిటని జ్ఞాతులైన హరిహరదేవ, మురారిదేవులు తిరుగబడగా ఆమె అణచివేసినదని తరువాతి కాలపు ప్రతాపచరిత్ర చెబుతుంది. అంతకు పాతికేళ్ల ముందే ఢిల్లీలో ఇల్టుట్‌మిష్ తన కుమార్తె రజియాను వారసురాలిని చేసినాడు. ఆమె 1236 నుండి 1240 వరకే నిలువగలిగినది, చివరకు హతమైనది. రుద్రమ పాతికేళ్లకు పైగా పాలించినది. దక్షిణాన పాండ్యుల వల్ల నెల్లూరు సీమ చేజారినా, పడమట దేవగిరి యాదవ మహాదేవుని దండయాత్రను ఎదుర్కొన్నది. ఆ యుద్ధం గురించి యాదవుల పక్షం చెప్పేది చమత్కారంగా ఉంటుంది. వారి మంత్రి హేమాద్రి, స్వయంగా గొప్ప ధర్మశాస్త్రకారుడు, తమ రాజు స్త్రీ అన్న కారణంగా ఆంధ్రరాణిని చంపక విడిచిపెట్టినాడని వ్రాసినాడు. బీదరు కోటలో దొరికిన శిలాశాసనమో, ఆమె సైన్యం యాదవరాజ్యంలో అంత దూరం చొచ్చుకొనిపోయినదని సాక్ష్యమిస్తుంది. విడిచిపెట్టినదెవరో మీరే నిర్ణయించుకోండి.

ఇక వారసత్వం. విధి ఆమెనూ తండ్రినే చేసినట్లు చేసినది; రుద్రమకూ పుత్రులు లేరు, ముమ్మడమ్మ మొదలుగా కుమార్తెలే. తనకు దొరికిన మార్గాన్నే ముమ్మడమ్మకు తెరచి, మరొక రాణిని నిలుపుతుందని ఎవరైనా ఆశించి ఉండవచ్చు. ఆమె అట్లా చేయలేదు. ముమ్మడమ్మకు, మహాదేవునికి జన్మించిన ప్రతాపరుద్రుని దత్తపుత్రునిగా స్వీకరించి యువరాజును చేసినది. విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలోని నాటకంలో ఆ పట్టాభిషేకాన్ని కులదైవమైన స్వయంభూదేవుని అనుగ్రహంగా చిత్రించినాడు. ఇది ఆమె ఓటమియా? తాను సాగదీసిన సూత్రం ఎంతవరకు తెగకుండా ఉంటుందో తాను ఎరిగినట్లు ఎవరూ ఎరుగరు. సామంతులు కాచుకొని ఉన్న కాలంలో రెండవసారి సాగదీయడానికి ఆమె జంకి ఉండవచ్చు. ఆ నిర్ణయం చదివినప్పుడెల్లా మాత్రం మనసు కొంత చివుక్కుమంటుంది.

ఇటువంటి కట్టుబాట్లు మన దేశానికే పరిమితమని భావించకండి. ఇంగ్లండులో కేథలిక్కును పెండ్లాడినవారు సింహాసనానికి అనర్హులని 1701లో చేసిన చట్టం 2015 వరకు నిలిచినది. అక్కకంటె తమ్మునికి ముందు హక్కు అన్న నియమమూ అదే ఏడు తొలగినది.

కుమార్తె వారసురాలు కావడం లోకానికి ఎంత నమ్మశక్యం కాలేదో మరొక ముచ్చట చెబుతాను. మోటుపల్లి రేవు గురించి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో, ఈ సీమను ఒక న్యాయశీలియైన రాణి ఏలినదని ఎంతో మెచ్చుకొన్నాడు. అయితే ఆమెను మరణించిన రాజుకు భార్య అనుకొన్నాడు. పరదేశి పొరబడినాడని సరిపెట్టుకొందామంటే, మన ప్రతాపచరిత్ర కూడా రుద్రాంబను గణపతిదేవుని భార్యగానే చెప్పింది! రాజు తరువాత స్త్రీ ఏలితే ఆమె వితంతువే అయి ఉండాలని ఇద్దరూ అనుకొన్నారు. ఆమె కుమార్తె అన్న నిజాన్ని శాసనాలే కాపాడినవి.

ఆమె చివరి దినాల సంగతీ శాసనం వల్లనే తెలిసినది. కాయస్థ అంబదేవుడు తిరుగుబాటు చేయగా, వయసు మీరిన ఆ రాణి సేనాని మల్లికార్జున నాయకునితో కలిసి దండు నడిపినదని, ఆ పోరులోనే ఇరువురూ నేలకొరిగినారని చరిత్రకారులు భావిస్తున్నారు. నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపాన చందుపట్ల గ్రామంలో 1289 నవంబరు 27 నాటి శిలాశాసనం ఒకటి ఉన్నది. వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. మల్లికార్జున నాయకుని బంటు పువ్వుల ముమ్మడి. శివలోకానికేగిన రుద్రమకూ తన నాయకునికీ పుణ్యంగా ఉండుటకై సోమనాథ దేవునికి కొంత భూమిని సమర్పించినాడు. కన్నకొడుకు లేని ఆ తల్లి పుణ్యార్థం దేవుని పేర భూమి వ్రాసి ఇచ్చినవాడు ఒక సామాన్య సైనికుడు.