17 అడుగుల లెక్కల పుస్తకాలు

పిల్లలూ! రిచర్డ్ ఫైన్‌మన్ పేరు మీలో పై తరగతుల వాళ్లు వినే ఉంటారు. 1965లో ష్వింగర్, టొమొనాగాలతో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన అమెరికా శాస్త్రవేత్త. ఆ బహుమతి దేనికో మీ సైన్సు మాస్టారు చెబుతారు. మనం మాత్రం ఆయన చిన్నపిల్లల లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న సంగతి చెప్పుకుందాం.

ఫైన్‌మన్ 1918 మే 11న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి మెల్విల్ యూనిఫారాల వ్యాపారంలో ఉండేవారు. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే రంగు పలకలు ఇచ్చి, రెండు తెల్లవి, ఒక నీలం, మళ్లీ రెండు తెల్లవి అంటూ వరస పేర్పించేవారు. పిట్ట పేరు అన్ని భాషల్లో వచ్చినా పిట్ట గురించి తెలిసినట్టు కాదనీ, అదేం చేస్తోందో చూడాలనీ నేర్పారు. ఊరూరా తిరిగి ఒకే పిట్టకు నాలుగు పేర్లు నేర్చుకున్న మనకు, అందులోనూ భాష చెప్పే మాకు, ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. అయినా నిజమే.

పెద్ద చదువులు చదివి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఆచార్యులయ్యారు. 1964లో ఆ రాష్ట్రం బడిపుస్తకాలను ఎంపిక చేసే కమిషన్‌లోకి ఆయన్ను పిలిచింది. అప్పుడు అమెరికాలో కొత్త గణితం జోరు మీద ఉంది. ప్రచురణకర్తలు పంపిన పుస్తకాల కోసం ఇంట్లో ప్రత్యేకంగా అర కట్టించాల్సి వచ్చింది. వరసగా పెడితే 17 అడుగులు! కొందరు సభ్యులు పుస్తకాలను ఇతరులకిచ్చి అభిప్రాయాలు తెప్పించుకునేవారు. ఫైన్‌మన్ అన్నీ తానే చదివారు. చదువుతూ కింది గదిలో ఆయన వేసే కేకలకు, పైన ఉన్న భార్యకు అగ్నిపర్వతం మీద కాపురం చేస్తున్నట్టుండేదట.

ఎందుకంత కోపం? ఒక పుస్తకంలో ఎర్ర నక్షత్రం వేడి 4,000 డిగ్రీలు, పసుపుది 5,000 అని ఇచ్చి, ఆకుపచ్చవీ ఊదావీ కూడా చేర్చారు. మన కంటికి ఆకుపచ్చగా కనబడే నక్షత్రాలు లేనేలేవు. పోనీ అనుకుంటే తర్వాత లెక్క ఇంకా ఘోరం. ఒక అబ్బాయి కొన్ని నక్షత్రాలు చూశాడు, నాన్న కొన్ని చూశాడు, అన్నిటి వేడీ కలిపితే ఎంత? కూడిక సరిగ్గానే వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. 60 డిగ్రీల టీ రెండు గ్లాసులు ఒకే గిన్నెలో పోస్తే 120 డిగ్రీలు అవుతుందా? అచ్చుతప్పయితే పిల్లవాడు దిద్దుకుంటాడు. ఇలాంటి లెక్క వరసగా చేస్తే, లెక్కలంటే అర్థం లేకుండా అంకెలు కూడటమేనని నమ్మేస్తాడు. ఫైన్‌మన్ బాధ అదే. ఒక పద్ధతి సంఖ్యల్ని ఇంకో పద్ధతిలోకి ఊరికే మార్పించే అభ్యాసాలూ ఆయనకు నచ్చలేదు.

అన్నిటికన్నా వింత ఇంకొకటి. మూడు పుస్తకాల వరసలో ఒకటి ఆయనకు అందలేదు. విచారిస్తే, అది పూర్తికాక ప్రచురణకర్త అట్టల మధ్య తెల్ల కాగితాలు పెట్టి పంపాడని తేలింది. దానికీ కొందరు సభ్యులు మార్కులు వేసేశారు! అవి మిగతా రెండిటికన్నా కాస్త ఎక్కువే వచ్చాయి.

ప్రచురణకర్తలు కానుకలు పంపేవారు. ఆయన పుచ్చుకోలేదు. 1965లో ఈ పుస్తకాల లోపాలపై వ్యాసం రాశారు. తర్వాత సైన్సు పుస్తకాల వంతు వచ్చింది. కీ ఇచ్చే బొమ్మ ఎందుకు కదులుతోందని అడిగి, లోపలి స్ప్రింగు ఊసెత్తకుండా, శక్తి వల్లే అని ముగించిన పుస్తకం చూశాక ఆయనకు విసుగెత్తింది. కమిషన్‌కు రాజీనామా ఇచ్చారు.

1986లో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిపోయాక విచారణ సంఘంలో చేరారు. అక్కడా కాగితాలు నమ్మి ఊరుకోలేదు. రబ్బరు ముక్కను మంచునీళ్లలో ముంచి, చలికి అది సాగే గుణం ఎలా పోగొట్టుకుంటుందో అందరి ముందూ చూపించారు. 1988 ఫిబ్రవరి 15న లాస్ ఏంజిల్స్‌లో కన్నుమూశారు.