బృందగాన సమ్రాట్టు హాండెల్

పుట్టిన ఊరు విడిచి, పరభాష మాట్లాడేవారి నడుమ కాపురం పెట్టి, వారికి కావలసినవాడై బ్రతకడం ఎంత కష్టమో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. మన తాతముత్తాతలు చేసిన పని అదే. అట్టి పరదేశులలో ఒకణ్ణి సంగీతప్రపంచం యావత్తూ నేటికీ తలచుకొంటున్నది. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, ఆ దేశంవారి బృందగానానికి ప్రాణం పోసిన జార్జి ఫ్రెడరిక్ హాండెల్ జీవితాన్ని ఈ ఉగాది సంచికలో పరిచయం చేయదలచాము. పాశ్చాత్య సంగీతం మనకు అంతుపట్టదని దూరంగా ఉండేవారికి ఈ కథ కొంత దారి చూపగలదని మా ఆశ.

హాండెల్ 1685 ఫిబ్రవరి 23న హాలె పట్టణంలో జన్మించాడు. నెల తిరగకముందే ఆ దేశంలోనే మరొక సంగీతమూర్తి బాఖ్ కూడా జన్మించాడు. హాండెల్ తండ్రి క్షురకవృత్తితోపాటు శస్త్రవైద్యం చేసేవాడు. అరవై దాటిన వయసులో కలిగిన బిడ్డ న్యాయవాది కావాలని ఆయన కోరిక. సంగీతం కూడు పెట్టదని ఆయన నమ్మకం. పిల్లవాడు అటకమీద చిన్న వాద్యం దాచుకొని, ఇల్లు నిద్రపోయిన తరువాత వాయించుకొనేవాడని ఒక కథ వాడుకలో ఉన్నది. ఒకసారి తండ్రితో వైసెన్‌ఫెల్స్ సంస్థానానికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రభువు బాలుని ఆర్గన్ వాదన విని, వీనికి సంగీతం చెప్పించమని తండ్రికి నచ్చజెప్పాడట. అటుపై హాలెలో త్సాకో అనే ఆర్గన్ విద్వాంసుని వద్ద శిక్షణ జరిగింది.

1703లో హాంబర్గు చేరి, నాటకశాలలో వయొలిన్ వాయిస్తూ, ఇరవయ్యో యేట తన మొదటి ఒపేరా ప్రదర్శించాడు. ఒపేరా అంటే మన యక్షగానం వలె వేషాలతో, ఆద్యంతం పాటగా సాగే నాటకం. 1706లో ఇటలీ వెళ్ళి నాలుగేళ్ళు ఆ విద్యను దాని పుట్టింటనే అభ్యసించాడు. 1710లో హానోవరు ప్రభువు కొలువులో చేరి, సెలవు పుచ్చుకొని లండను వెళ్ళాడు. 1712లో రెండవమారు వెళ్ళి, ఇక అక్కడనే ఉండిపోయాడు. విచిత్రమేమంటే, కొలువుకు తిరిగిరాని ఈ ఉద్యోగి వెనుకనే ఆ ప్రభువు కూడా 1714లో ఇంగ్లండు రాజై లండను వచ్చాడు! 1717లో రాజు థేమ్సు నదిలో పడవపై విహరిస్తుండగా, పక్క పడవలో యాభైమంది వాద్యకారులు హాండెల్ సంగీతం వినిపించారు. రాజు మళ్ళీ మళ్ళీ వాయింపజేసుకొన్నాడు.

1727లో పార్లమెంటు చట్టంద్వారా హాండెల్ బ్రిటిషు పౌరుడైనాడు. ఆ యేడే రెండవ జార్జి పట్టాభిషేకానికి నాలుగు బృందగీతాలు కూర్చాడు. అందులో జేడక్ ద ప్రీస్ట్ అనే గీతాన్ని 2023లో జరిగిన మూడవ చార్లెసు పట్టాభిషేకం వరకు ప్రతి పట్టాభిషేకంలోనూ పాడారు. ఇంగ్లీషు మాటలో జర్మను యాస చివరిదాకా పోని మనిషి, ఆ దేశపు రాజులకు మంగళగీతం సమకూర్చాడన్నమాట.

కాని ఆయన జీవితం పూలబాట కాదు. ఇటాలియను భాషలో సాగే ఒపేరాలపై లండను ప్రజలకు క్రమంగా మోజు తగ్గింది. పోటీ కంపెనీలు లేచాయి. నష్టాలు మీదపడ్డాయి. 1737లో పక్షవాతం వచ్చి కుడిచేయి స్వాధీనం తప్పింది. ఆహెన్‌లోని ఉష్ణగుండాలలో స్నానచికిత్స పొంది, అందరూ ఆశ్చర్యపోయేటట్లు కోలుకొన్నాడు.

అప్పటికే ఆయనకు వేరొక దారి దొరికి ఉన్నది. 1732లో ఎస్తేరు అనే పవిత్రకథను రంగస్థలంపై ఆడించబోగా, దేవాలయ గాయకబాలురు నటించరాదని లండను బిషప్పు అడ్డుచెప్పాడు. అందుచేత వేషాలు, అభినయం లేకుండా కేవలం గానంగా వినిపించారు. ఇట్టి దానిని ఒరటోరియో అంటారు. భాష ఇంగ్లీషు కనుక ప్రజలకు అర్థమైంది. వేషం లేదు కనుక కథ చూపే భారం గొంతులమీద పడింది. హాండెల్ గొప్పతనమంతా ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. ఒపేరాలో నాయకుడు పాడేవాడు. ఒరటోరియోలో జనసమూహమే నాయకుడైంది. 1739 నాటి ఇజ్రాయేల్ ఇన్ ఈజిప్ట్‌లో ఈగలదండు రొద, వడగళ్ళ మోత, కారుచీకటి, అన్నీ బృందగానంలోనే వినబడతాయి. ఆనాడు దానికి ఆదరణ దొరకలేదు. అయినా ఆయన పట్టు విడువలేదు.

1741 ఆగస్టు 22న మొదలుపెట్టి, 24 దినాలలో మెస్సయా రచన ముగించాడు. బైబిలు వాక్యాలను ఎంచి కూర్చి ఇచ్చినవాడు చార్లెస్ జెన్నెన్స్. తొలి ప్రదర్శన లండనులో కాదు, ఐర్లండులోని డబ్లినులో, 1742 ఏప్రిల్ 13న జరిగింది. ఎక్కువమంది పట్టాలని, స్త్రీలు వెడల్పు గౌనుల చట్రాలు లేకుండా, పురుషులు కత్తులు లేకుండా రావలసిందని ముందే కోరారు. సుమారు 700 మంది వచ్చారు. వసూలైన 400 పౌన్లు రెండు వైద్యశాలలకు, ఖైదీల సహాయానికి పంచగా, అప్పులు తీర్చలేక చెరలో పడినవారు 142 మంది విడుదలైనారు. ఒక సంగీత కచేరీ చెర విడిపించిన వృత్తాంతం ఇది!

మరుసటి యేడు లండనులో మాత్రం, పవిత్రకథను నాటకశాలలో పాడడమేమిటని కొందరు విమర్శించారు. 1750 నుండి అనాథశిశువుల శరణాలయమైన ఫౌండ్లింగ్ హాస్పిటల్ సహాయార్థం యేటేటా పాడించడంతో ప్రజల మనస్సు మారింది. ఆ శరణాలయానికి హాండెల్ ఒక ఆర్గన్‌ను బహూకరించాడు, మరణశాసనంలో మెస్సయా ప్రతిని కూడా వ్రాసి ఇచ్చాడు.

1751లో జెఫ్తా రచిస్తుండగా చూపు మందగించి, చికిత్సలు ఫలించక కొద్దికాలానికే అంధుడైనాడు. అయినా ఆర్గన్ వాదన మానలేదు. 1759 ఏప్రిల్ 6న మెస్సయా ప్రదర్శనకు హాజరై, 14న కన్నుమూశాడు. వివాహం చేసుకొనలేదు. ఆస్తిలో అధికభాగం జర్మనీలోని బంధువులకు చేరింది. పేద వాద్యకారుల నిధికి 1,000 పౌన్లు ఇచ్చాడు. పరదేశియైన ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు.

ఇక వినవలసిన పద్ధతి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధననాడు వందలమంది పంచరత్నాలను కలిసి పాడడం మనలో చాలామంది విన్నదే. అక్కడ అందరి బాట ఒక్కటే. హాండెల్ బృందగానంలో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు తరగతుల గొంతులు ఒకే సమయంలో వేర్వేరు బాటలు నడిచి, కీలకమైన చోట కలుస్తాయి. మొదటిసారి అంతా గందరగోళంగా తోస్తుంది. ఒక్క బాస్ గొంతునే పట్టుకొని వినండి. మరొకసారి సొప్రానోను వెంబడించండి. మూడవసారికి అల్లిక దానంతట అదే తెలుస్తుంది.

ముందుగా జేడక్ ద ప్రీస్ట్ వినడం మంచిది. తంత్రీవాద్యాలు మెల్లగా అలలుగా లేచి లేచి, ఒక్కసారిగా గాయకబృందం విరుచుకుపడుతుంది. ఆరు నిమిషాలలో ముగుస్తుంది. పిమ్మట మెస్సయా రెండవ భాగం చివరనున్న హల్లెలూయా, ఆపైన ఇజ్రాయేల్ ఇన్ ఈజిప్ట్‌లోని వడగళ్ళ గీతం. చెవి అలవాటైన తరువాత, ఒక సెలవునాడు ఇంటిల్లిపాదీ కూర్చుని, సుమారు రెండున్నర గంటల మెస్సయాను పూర్తిగా వినవచ్చును. మనముంటున్న పెద్ద పట్టణాలలో క్రిస్మసు రోజులలో దీనిని పాడే బృందాలున్నవి. వీలైనవారు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళవలెను.

ఇంట మన త్యాగయ్యను పాడుకొంటూనే, బయటి గొప్పతనాన్నీ చెవులారా విందాము. ఈ నూతన సంవత్సరం మన కుటుంబాలన్నింటికీ సుఖసంతోషాలను, మంచి సంగీతాన్ని ప్రసాదించుగాక!