కండరాల బలం గుట్టు విప్పిన మన సుబ్బారావు గారు

పరుల సాయంతో చదువుకుని ప్రపంచానికే మేలు చేసిన తెలుగువారిలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అగ్రగణ్యులు. ఆయన పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లం గుర్తుకొస్తుంది. కానీ మైదానంలో పరుగెత్తే మనకు కూడా ఆయన ఎంతో చెప్పారని చాలామందికి తెలియదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఆయన జీవితాన్ని ఎంచుకున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, మామగారు ఆదుకుంటేనే చదువు సాగింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు తొడుక్కున్నందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావలసి వచ్చింది.

ఆయన అన్నగారిని స్ప్రూ అనే వ్యాధి బలిగొంది. ఈ జబ్బులో తిన్న తిండిని పేగు సరిగా గ్రహించలేదు. కంచంలో అన్నం ఉన్నా మనిషి చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావు గారికీ అదే వ్యాధి వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తిన్నది ఒంటికి ఎలా పడుతుందనే ప్రశ్న ఆయనకు పుస్తకంలో కాదు, సొంత ఇంట్లోనే ఎదురైంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన సాయంతో అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో చిన్న పని చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. అదే పద్ధతితో కండరాన్ని పరీక్షించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు ఉన్న నమ్మకం ఈ పరిశోధనలతో మారిపోయింది.

మనం 100 మీటర్లు పరుగెత్తేటప్పుడు మొదటి కొద్ది సెకన్ల శక్తి చాలావరకు ఈ ఫాస్ఫోక్రియాటిన్ నుంచే వస్తుంది. అందులోని క్రియాటిన్ కొంత మాంసం, చేపల ద్వారా అందుతుంది. మిగతాది మన శరీరమే మూడు అమైనో ఆమ్లాల నుంచి తయారుచేసుకుంటుంది. ఆ అమైనో ఆమ్లాలు దొరికేది ప్రొటీన్లలోనే. పప్పు, గుడ్డు, పాలు తిన్నప్పుడు ప్రొటీన్ కడుపులో, పేగులో ముక్కలై పెప్టైడ్లుగా, అమైనో ఆమ్లాలుగా మారుతుంది. రెండు మూడు అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్లను పేగు నేరుగా తీసుకోగలదు కూడా.

కబడ్డీ జట్టుకో, కానిస్టేబుల్ పరుగుకో సిద్ధమయ్యే తమ్ముళ్ళకు మేము చెప్పదలచినది ఇదే. అంగట్లో అమ్మే పెప్టైడ్ పొడి అంటే ముందే ముక్కలు చేసిన ప్రొటీన్. అది కొంచెం త్వరగా ఒంటికి చేరవచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న మన పేగు ఆ పని ఉచితంగానే చేసిపెడుతుంది. వ్యాయామం చేసేవారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. అంటే 50 కిలోల కుర్రవాడికి కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల వండని కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. ఇంటి నుంచి వచ్చిన డబ్బు డబ్బాకు పోసే ముందు కంచంలో పప్పును వదిలేస్తున్నామేమో చూసుకోవాలి. మెస్‌లో పప్పు పలచనైతే అది చిన్న విషయం కాదు, మన కండరాల సంగతి. వార్డెన్ గారితో మర్యాదగా మాట్లాడి సరిచేయించుకోవాలి.

ఇంత కనుగొన్నా హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారిని తీసుకుపోయిన స్ప్రూ వ్యాధికి అది మందుగా ఉపయోగపడింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు వెనుక, లుకేమియా చికిత్సకు దారి చూపిన అమినోప్టెరిన్ వెనుక కూడా ఆయన కృషి ఉంది. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు, ధర్మసంస్థ డబ్బుతో ఓడ ఎక్కినవాడు ప్రపంచ శాస్త్రవేత్త కాగలిగాడు. సర్కారు హాస్టల్లో చదివే మనం అంతకంటే తక్కువ కలలు కనవలసిన పని లేదు. కడుపునిండా తిందాం, పట్టుదలగా ఆడదాం, శ్రద్ధగా చదువుదాం.