జేమ్సు బ్రెయిడు

సంతలో గారడివాడు ఒక బాలుని కూర్చుండబెట్టి, వాని కన్నులలోనికి తేఱిపాఱ చూచి నిద్రపుచ్చినపుడు, ఆ శక్తి గారడివాని చూపులోనే యున్నదని చుట్టును నిలిచినవారు తలంచి భయపడుదురు. ఈ భ్రమను శోధించి తొలగించిన ఒక వైద్యుని చరిత్రమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జేమ్సు బ్రెయిడు 1795వ సంవత్సరము జూను 19వ తేదీన స్కాట్లండు దేశమందలి కిన్రాస్ మండలమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1815లో శస్త్రవైద్యుడుగా యోగ్యతాపత్రము పొంది, కొంతకాలము సీసపు గనులలోని పనివారికి వైద్యము చేసెను. 1828లో ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున స్థిరపడి, వంకర పాదములను, మెల్లకన్నులను శస్త్రచికిత్సచే సరిచేయుటలో పేరు గడించెను.

ఆ కాలమున మెస్మరు అను వైద్యుని అనుయాయులు, ప్రయోగించువాని శరీరమునుండి కంటికి కానరాని ద్రవ మొకటి ప్రవహించి యెదుటివానిని వశపఱచుకొనునని బోధించుచుండిరి. 1841 నవంబరులో లఫోంటేన్ అను ఫ్రెంచివాడు మాంచెస్టరులో అట్టి ప్రదర్శనము లిచ్చెను. మోసమును బయటపెట్టవలెనను తలంపుతోనే బ్రెయిడు అచటికి పోయెను. కాని రెండవమాఱు పోయినపుడు, నిద్రపుచ్చబడిన యొకడు ఎంత యత్నించినను ఱెప్పలు విప్పలేకుండుట చూచి, ఈ స్థితి నిజమే యనియు, దాని కారణము మాత్రము వేఱై యుండవలె ననియు నిశ్చయించెను.

ఇల్లు చేరి తానే పరీక్షింప దొడగెను. మిత్రు నొకని సీసా మెడవైపు ఱెప్పవాల్పక చూడుమనగా మూడు నిముషములలో ఆతని కన్నులు మూతపడెను. చక్కెరగిన్నె మీది అలంకారమును చూచిన తన భార్యకును అట్లే సంభవించెను. సీసాకు మంత్రములు రావు; గిన్నెకు చూపు లేదు. కావున శక్తి చూచువాని యవధానములోనే కలదని ఆయనకు స్పష్టమాయెను.

ఈ సత్యము ఆయనకు గౌరవము నంతగా తేలేదు. 1842లో లివర్పూలు నగరమందలి మెక్నీలు అను బోధకుడు ఇట్టి ప్రయోగములను సాతాను క్రియలుగా ఖండించి ప్రసంగించెను. ఆ యేటనే మాంచెస్టరులో కూడిన విజ్ఞానసంఘము ఆయన వ్యాసమును నిరాకరించెను. బ్రెయిడు బోధకునికి చిన్న పుస్తకముచే ప్రత్యుత్తర మిచ్చి, పండితులకు వేఱుగ సభ చేసి ప్రయోగములు చూపెను. 1843లో పెద్ద గ్రంథము ప్రకటించి, నిద్రయను అర్థముగల గ్రీకుపదమునుండి హిప్నాటిజము అను పేరును వ్యాప్తికి తెచ్చెను.

అంతటితో ఆయన తృప్తినొందలేదు. అయస్కాంతమునుండి ఒక వింతశక్తి వెలువడునని కొందఱు వాదింపగా, దానిని పరీక్షించి 1846లో తన ఫలితములను ప్రకటించెను. అయస్కాంతము లేకున్నను ఉన్నదని నమ్మినవారు దాని స్పర్శను అనుభవించిరి. దగ్గఱనే యున్నను ఎఱుగనివారు ఏమియు అనుభవింపలేదు. మనస్సున నిలిచిన యొక్క తలంపే మనిషి యెఱుకకు రాకయే దేహమును నడపునని తేలినందున, తాను వ్యాపింపజేసిన పేరే సరికాదని 1847లో ఆయన యొప్పుకొనెను. తన మాటను తానే దిద్దుకొనగల పండితులు అరుదు. ఆయన 1860 మార్చి 25న మాంచెస్టరులో మృతినొందెను.

హిప్నాటిజము నిద్ర కాదనియు, అవధానము, నమ్మకము, నిరీక్షణము దానికి మూలములనియు నేటి పరిశోధకులును చెప్పుచున్నారు. అది అందఱియందు ఒక్కతీరున పనిచేయదు. కాని కొందఱికి నొప్పి నుపశమింపజేయును.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది యొకటి కలదు. నీవు మందమతివని దినదినము వినిన బాలుడు, తానెఱుగకయే ఆ మాటను లోన నిలుపుకొని మందుడగును. ఇది యే గారడివాని చూపుకంటెను బలమైనది. కావున తలిదండ్రులును, ఉపాధ్యాయులమగు మేమును పలుకునపుడు జాగ్రత్త వహింతుము గాక. విద్యార్థులారా, బ్రెయిడు సీసాను పరీక్షించినట్లు మీరును మీకు చెప్పబడిన ప్రతి మాటను పరీక్షించియే లోనికి రానిండు.