పడినవారికి తలుపు తెరచిన కాపరి: అలెక్సంద్రియ దియొనూసియు

చదువవలసిన వాక్యభాగములు: లూకా 15:11-32, లూకా 22:31-34, గలతీయులకు 6:1-2



అపొస్తలుల కార్యములు చదువువారికి దియొనూసియు అను పేరు క్రొత్తది కాదు. ఏథెన్సులో పౌలు బోధ విని విశ్వసించిన అరేయొపగీతుని పేరు అదియే (17:34). కాని ఈ మాసము మేము చెప్పదలచినది అతనిని గూర్చి కాదు. అతనికి రమారమి రెండువందల ఏండ్ల తరువాత ఐగుప్తు దేశమందలి అలెక్సంద్రియ పట్టణములో సంఘాధ్యక్షుడుగా నుండిన మరియొక దియొనూసియును గూర్చి. ఈ దైవజనుని మన సంఘములలో తలచువారు తక్కువ. ఆయన వ్రాసిన వాటిలో అధికభాగము నశించిపోయినది. యూసేబియు అను చరిత్రకారుడు తన సంఘచరిత్రలోని ఆరవ, ఏడవ భాగములలో ఆయన ఉత్తరములను కొంతకొంత ఎత్తి వ్రాసియుంచినందున, ఆ మట్టుకు మనకు దక్కినది.

దియొనూసియు గొప్ప పండితుడైన ఓరిగెను వద్ద చదివినవాడు. అన్ని విధములైన గ్రంథములను చదివి, పరీక్షించి, మంచిని చేపట్టుట ఆయన అలవాటు. తప్పుబోధకుల పుస్తకములు చదువుట ఆత్మకు హానియని ఒక పెద్ద ఆయనను వారించెను. అయితే అన్నిటిని పరీక్షింపగల శక్తి తనకు అనుగ్రహింపబడినదనియు, తాను విశ్వాసములోనికి వచ్చినదే ఆ త్రోవననియు ఆయన దేవుని వలన ధైర్యము పొందెను. 231వ సంవత్సర ప్రాంతమున ఓరిగెను ఆ పట్టణము విడిచిన తరువాత, కొద్దికాలమునకే అచ్చటి క్రైస్తవ పాఠశాల దియొనూసియు చేతికి వచ్చెను. సుమారు 248లో ఆయన ఆ సంఘమునకు అధ్యక్షుడాయెను. బోధకుని పీఠము నుండి కాపరి కర్రకు వచ్చినవానికి నెమ్మదిగా పని నేర్చుకొను వ్యవధి దొరకలేదు. మరుసటి యేడే పట్టణములో అన్యజనులు అల్లరిగా లేచి విశ్వాసుల యిండ్లు దోచుకొనిరి. అపొల్లోనియ అను వృద్ధ కన్యకను పండ్లు రాలగొట్టి, సజీవముగా దహింతుమని బెదిరింపగా, ఆమె తానే అగ్నిలోనికి దుమికి దహింపబడెను.

అటు తరువాత దేకియు చక్రవర్తి ఆజ్ఞ వచ్చెను. సామ్రాజ్యములోని ప్రతివాడును దేవతలకు బలియర్పించి, ఆ బలిమాంసమును రుచి చూచి, అధికారుల యెదుట చీటి వ్రాయించుకొనవలెను. అట్టి చీటీలు నలువదికి పైగా ఐగుప్తు ఇసుకలో నేటివరకు నిలిచి, మన కాలపు పండితుల చేత చిక్కినవి. చూచుటకు అవి చిన్న కాగితపు ముక్కలే. ఆనాడు ఆ ముక్క ఉన్నవాడు బ్రదుకును, లేనివాడు చెరసాలకో చావుకో పోవును.

ఆ దినమున అలెక్సంద్రియ సంఘము జల్లెడ పట్టబడెను. పేరు పిలువబడగానే కొందరు ముఖము పాలిపోయి వణకుచు బలిపీఠము నొద్దకు పోయిరి. బలియిచ్చుటకును భయమే, చచ్చుటకును భయమే. మరికొందరు తాము ఎన్నడును క్రైస్తవులము కామని ముందుకు పరుగెత్తిరి. కొందరు సంకెళ్లవరకు నిలిచి, చెరసాలలో కొన్నాళ్లు గడిపి, చివరకు లొంగిపోయిరి. యూలియాను అను వృద్ధుడు కీళ్లనొప్పులచేత నడువలేనివాడు. ఇద్దరు అతనిని మోసికొని వచ్చిరి. ఆ ఇద్దరిలో ఒకడు వెంటనే ప్రభువును కాదనెను. రెండవవాడు క్రోనియోను. అతడు యూలియానుతో కూడ ఒప్పుకొని, ఒంటెలపై పట్టణమంతయు త్రిప్పబడి, కొరడా దెబ్బలు తిని, సున్నములో దహింపబడెను. ఒకే బరువు మోసిన ఇద్దరిలో ఒకడు నిలిచెను, ఒకడు పడెను. ఇట్టి సంగతులను కన్నీటితో వ్రాసియుంచినవాడు దియొనూసియే.

మరి ఆయన మాటేమి? ఆయనను పట్టుకొమ్మని అధిపతి సైనికుని పంపెను. ఆ సైనికుడు త్రోవలు, ఏరులు, పొలములు వెదకెనే కాని, ఇల్లు మాత్రము చూడలేదు. వెదకబడువాడు ఇంట కూర్చుండునా యని అతని తలంపు. దియొనూసియు నాలుగు దినములు ఇంటనే యుండి, దేవుని ప్రేరణచేత బయలుదేరెను. సూర్యాస్తమయ వేళ సైనికులు ఆయనను పట్టుకొని తపోసీరి అను ఊరికి తీసికొనిపోయిరి. తిమోతి అను అనుచరుడు తప్పించుకొని పారిపోవుచు, పెండ్లి విందుకు పోవుచున్న ఒక పల్లెవానికి ఈ సంగతి చెప్పెను. అతడు విందులో ఆ మాట చెప్పగనే అందరు ఒక్కుమ్మడిగా లేచి కేకలు వేయుచు పరుగెత్తివచ్చిరి. సైనికులు పారిపోయిరి. దియొనూసియు వట్టి మంచముపై పండుకొనియుండి, వచ్చినవారు దొంగలనుకొని తన వస్త్రములు ఇయ్యబోయెను. సంగతి తెలిసిన పిమ్మట తన్ను విడిచి పొమ్మనియు, లేనియెడల సైనికులకన్న ముందుగా మీరే నా తల తీయుడనియు మొరపెట్టెను. వారు వినక, ఆయన కాళ్లు చేతులు పట్టి ఈడ్చి, జీను లేని గాడిదపై నెక్కించి తీసికొనిపోయిరి. హింస చల్లారువరకు ఆయన లిబియ యెడారిలో ఇద్దరు తోడివారితో దాగియుండెను.

తరువాతి కాలమున గెర్మాను అను ఒక అధ్యక్షుడు దీనిని పట్టుకొని, ఈయన ప్రాణభయముచేత పారిపోయిన కాపరియని నింద వేసెను. దియొనూసియు తన పక్షమున సమాధానము వ్రాయవలసివచ్చెను. జరిగినది జరిగినట్లు, గాడిదను కూడ మరువక, తన్ను నవ్వులపాలు చేయు సంగతులను సయితము దాచక వ్రాసెను. తన ప్రాణము తన ధైర్యముచేత మిగిలినది కాదనియు, అడుగకయే దేవుడిచ్చినదనియు ఆయన ఎరుగును. మోసికొని రాబడినవాడు పడినవానిని చూచి గర్వింపలేడు. ఇది ఆయన జీవితమునకు తాళపుచెవి యని మా తలంపు.

251లో హింస సద్దుమణగెను. పడినవారు ఏడ్చుచు సంఘద్వారము నొద్దకు తిరిగి వచ్చిరి. వారిని చేర్చుకొనవచ్చునా? ఈ ప్రశ్న సంఘములనన్నిటిని కదలించెను. రోమాలో నొవతియాను అను పండితుడు కూడదని చెప్పి, కొర్నేలి అను అధ్యక్షునికి ఎదురుగా తానే వేరొక అధ్యక్షుడై నిలిచెను. అంతియొకయ అధ్యక్షుడైన ఫాబియు కూడ ఆ ప్రక్కకు మొగ్గుచుండెను. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ప్రాణములిచ్చినవారి రక్తము ఇంకను ఆరకముందే, కాదన్నవారిని ప్రభువు బల్లయొద్ద వారి ప్రక్కన కూర్చుండబెట్టుట ఎట్లు?

దియొనూసియు ఈ ప్రశ్నకు హతసాక్షుల నడతనే జవాబుగా చూపెను. చెరసాలలో చావునకు ఎదురుచూచుచున్న ఆ భక్తులే, పశ్చాత్తాపపడి వచ్చినవారిని త్రోసివేయక, వారితో ప్రార్థించి, వారితో భుజించిరి. వారు తెరచిన తలుపును మనము మూయుదుమా యని ఆయన సంఘాధ్యక్షులను అడిగెను. లవొదికయకును, అర్మేనియాకును, తన దేశపు సంఘములకును పశ్చాత్తాపమును గూర్చి ఉత్తరములు వ్రాసెను. నొవతియానును మాత్రము తిట్టి వ్రాయలేదు. సంఘమును చీల్చుటకన్న ఎట్టి బాధనైనను సహించుట మేలనియు, ఇప్పుడైనను సహోదరులను ఐక్యతకు మరలించినయెడల ఆ దిద్దుబాటు తప్పుకన్న గొప్పదగుననియు అతనికి హితవు చెప్పెను. పడినవారిని తీర్పు తీర్చువానికి కూడ ఆయన తిరిగివచ్చు త్రోవ చూపెను.

ఫాబియునకు వ్రాసిన ఉత్తరములో ఆయన ఒక వృద్ధుని కథ చెప్పెను. అతని పేరు సెరాపియోను. చిరకాలము నిర్దోషముగా నడచినవాడు, శోధన దినమున మాత్రము నిలువలేక బలియర్పించెను. తరువాత పలుమారులు క్షమాపణకై వేడుకొనెను, ఎవరును చెవిని బెట్టలేదు. అతడు జబ్బుపడి, మూడు దినములు మాటయు స్పృహయు లేక పడియుండెను. నాలుగవ దినమున కొంచెము తేరుకొని, తన మనుమని పిలిచి, సంఘపెద్దను తీసికొని రమ్మని పంపెను. అది రాత్రివేళ. ఆ పెద్దయు జబ్బుపడి లేవలేకుండెను. అయితే మరణావస్థలో నుండి వేడుకొనువారిని, అందును మునుపే వేడుకొనియున్నవారిని, క్షమించి నిరీక్షణతో సాగనంపవలెనని దియొనూసియు ముందుగనే ఆజ్ఞ యిచ్చియుండెను. కనుక ఆ పెద్ద ప్రభువు బల్ల రొట్టెలో చిన్న ముక్క బాలుని చేతికిచ్చి, తడిపి తాత నోట వేయుమనెను. బాలుడు గుమ్మము చేరకముందే వృద్ధుడు మరల తేరుకొని, పెద్ద రాలేకపోయినను చెప్పినది త్వరగా చేసి తన్ను పోనిమ్మని అడిగెను. బాలుడట్లు చేయగా, అతడు దానిని మ్రింగి వెంటనే ప్రాణము విడిచెను.

రొట్టెముక్కలో ఏదో మంత్రశక్తి యున్నదని మేము చెప్పుట లేదు. దియొనూసియు ఆ కథలో చూచినది వేరు. ఆ ముసలివాని క్షమాపణ అందువరకు దేవుడు అతని ఊపిరిని పట్టి నిలిపెను. మనుష్యులు ఆలస్యము చేసిరి, దేవుడు కనిపెట్టెను.

ఈ కథ చదివినప్పుడెల్ల మాకొక ముఖము జ్ఞాపకము వచ్చును. కొన్నేండ్ల క్రిందట మా పరిచర్యలోని ఒక పల్లెలో ఒక సహోదరుడు తప్పుత్రోవను నడచి, ప్రభువు బల్లకు దూరము చేయబడెను. అతడు పశ్చాత్తాపపడి రెండుమారులు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండెను. పెద్దలందరు కూడవలెననియు, కోతలు కానిమ్మనియు మేము చెప్పి పంపితిమి. కోతలు ముగియకముందే అతడు గతించెను. సమాధి యొద్ద వాక్యము చదువునప్పుడు మా నోరు పెగలలేదు. పెద్దలు మమ్మును ఆపలేదు. ఆలస్యము మాదే.

దియొనూసియు శ్రమలు అంతటితో తీరలేదు. 257లో వలేరియాను చక్రవర్తి కాలమున ఆయన ఏమిలియాను అను అధికారి యెదుట నిలువబడి, సమస్తమును సృజించిన ఒక్క దేవునినే ఆరాధింతుమని ఒప్పుకొనెను. ఆయనను లిబియలోని కెఫ్రో అను చోటికి వెళ్లగొట్టిరి. అచ్చటివారు మొదట రాళ్లు రువ్విరి; తరువాత వారిలో అనేకులు విగ్రహములు విడిచి దేవుని తట్టు తిరిగిరి. 260లో వలేరియాను పారసీకుల చేత చిక్కగా, అతని కుమారుడు గల్లియేను ఆరాధన స్థలములను తిరిగి యిప్పించెను. ఆ ఆజ్ఞాపత్రములో పేరు వ్రాయబడిన అధ్యక్షులలో దియొనూసియు ఒకడు.

పట్టణమునకు తిరిగి వచ్చినవానికి అంతర్యుద్ధమును, దాని వెంట తెగులును ఎదురాయెను. అన్యులు రోగము సోకిన తమవారిని ప్రాణముండగనే వీధిలోనికి త్రోసివేయుచుండగా, విశ్వాసులు రోగులను కడిగి, పరిచర్య చేసి, కన్నులు మూసి, శవములను భుజములపై మోసి, కొన్నాళ్లకు తామే ఆ త్రోవను పోయిరి. పెద్దలును పరిచారకులును అట్లు మరణించిరి. ఆ మరణము హతసాక్షుల మరణమునకు ఏమాత్రము తీసిపోదని ఆయన యెంచెను.

పల్లె సంఘములవారమైన మనము మరువరాని సంగతి యొకటి యున్నది. అర్సినోయే ప్రాంతపు పల్లెలలో, క్రీస్తుయొక్క వెయ్యేండ్ల రాజ్యమును గూర్చిన వివాదము వలన సంఘములకు సంఘములే చీలిపోయినవి. అచ్చట మునుపు అధ్యక్షుడుగా నుండి మరణించిన నేపో అనువాని పుస్తకము వారికి ఆధారము. దియొనూసియు పట్టణములో కూర్చుండి ఆజ్ఞ పంపలేదు. తానే పోయి, పల్లెల పెద్దలను, బోధకులను పిలిచి, మూడు దినములు ఉదయము మొదలు సాయంకాలమువరకు వారితో కూర్చుండి, ఆ పుస్తకమును కలిసి పరిశీలించెను. చనిపోయిన నేపోను కించపరచక, అతని విశ్వాసమును, వాక్యపరిశ్రమను, అతడు సహోదరులకిచ్చిన కీర్తనలను మెచ్చుకొనెను. పల్లెవారి ప్రశ్నలను తేలికగా త్రోసివేయలేదు. చివరకు ఆ బోధకు నాయకుడైన కొరాకియోను తానే లేచి, ఇకమీదట దానిని బోధింపనని యొప్పుకొనెను. మూడు దినముల ఓపిక చీలిన పల్లెలను కలిపినది.

264లో అంతియొకయలో కూడిన సభకు ఆయనను పిలిచిరి. వృద్ధాప్యముచేతను బలహీనతచేతను పోలేక, ఉత్తరము వ్రాసి పంపెను. ఆ కాలముననే, పదునేడు సంవత్సరములు మందను కాచిన పిమ్మట, ప్రభువునందు నిద్రించెను. హింసకాలమున ఆయనతో కూడ నిలిచి ఒప్పుకొనిన మాక్సిము అను పెద్ద ఆయన వెనుక అధ్యక్షుడాయెను.

ప్రియులారా, ప్రభువు పేతురు పడుటను ముందే చూచెను, అతడు తిరుగుటను కూడ ముందే చూచెను. తిరిగిన తరువాత అతనికి అప్పగింపబడిన పని సహోదరులను స్థిరపరచుట. దియొనూసియు పాపమును చిన్నదిగా ఎంచలేదు. కాదన్నవారిని చూచి ఏడ్చెను. అయినను కన్నీటితో వచ్చినవానిని గుమ్మమున నిలువబెట్టి తన పరిశుద్ధతను చాటుకొనలేదు. మన సంఘపు చిట్టాలో గీత కొట్టబడిన పేర్లు ఎన్ని? వారిలో ఎవరైనను మన అరుగుమీద కూర్చుండి కనిపెట్టుచున్నారా? పెద్దలారా, ఈ మాసపు సభలో ఆ పేర్లను ఒక్కసారి ప్రార్థనతో చదువుడి. కోతలు అయినతరువాత అని చెప్పకుడి.

ప్రార్థన: మంచి కాపరీ, మేము అడుగకమునుపే మమ్మును మోసికొని వచ్చితివి. పడినవారి ముందు గర్వింపకుండ మమ్మును కాపాడుము. తలుపు తట్టువారి యొద్దకు త్వరపడి పోవు కాళ్లను మాకు దయచేయుము. ఆమేన్.