ప్రపంచ బెల్టు గెలిచిన గామా పహిల్వాన్

టీవీలో కుస్తీ పోటీలు వచ్చే వేళకు టీవీ గది నిండిపోవడం మన హాస్టల్లో ప్రతి బ్యాచ్ చూసినదే. బెల్టు భుజాన వేసుకొని చేతులెత్తే విదేశీ వీరుల పేర్లు మనకు నోటికి వచ్చు. కానీ అలాంటి ప్రపంచ బెల్టును 1910లోనే లండన్ వెళ్లి గెలిచిన మన దేశపు మల్లయోధుని గురించి మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికలో గామా జీవితాన్ని పరిచయం చేస్తున్నాము.

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో, అమృతసర్ ప్రాంతానికి చెందిన ఒక కాశ్మీరీ ముస్లిం కుటుంబంలో పుట్టాడు. తండ్రి అజీజ్ కూడా పహిల్వానే. గామాకు ఆరేళ్ల వయసులోనే తండ్రి చనిపోయాడు. తల్లి తరపు బంధువులు చేరదీసి కుస్తీ నేర్పారు. పదేళ్ల వయసులో జోధ్‌పూర్ మహారాజు పెట్టిన బస్కీల పోటీకి వెళ్లాడు. మనం బడిలో శిక్షగా తీసే గుంజీల వంటివే బస్కీలు. నాలుగు వందల మందికి పైగా పెద్ద పెద్ద వస్తాదులు పాల్గొన్న ఆ పోటీలో చివరి దాకా నిలిచిన పదిహేను మందిలో ఈ పిల్లవాడూ ఉన్నాడు. మహారాజు ముచ్చటపడి అతనినే విజేతగా ప్రకటించాడు. తరువాత దతియా సంస్థానం అతనికి తిండి, శిక్షణ కల్పించింది. తండ్రి లేని పిల్లవానికి కడుపునిండా తిండి, నేర్పే గురువు దొరికితే ఎంత ఎదగగలడో గామా చూపించాడు. రోజుకు అయిదు వేల బస్కీలు, మూడు వేల దండీలు తీసేవాడని చెబుతారు.

ఎత్తులో గామా ఆరడుగులు కూడా లేడు. అయినా దాదాపు ఏడు అడుగుల రహీం బక్ష్ సుల్తానీవాలాతో తలపడి సమానంగా నిలిచాడు. దానితో దేశమంతా పేరు మారుమోగింది.

1910లో శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ ధనికుని సహాయంతో, తమ్ముడు ఇమామ్ బక్ష్‌తో కలిసి గామా లండన్ వెళ్లారు. పొట్టివాడని అక్కడి పోటీలో చేర్చుకోలేదు. ఆయన నిరాశపడి ఓడ ఎక్కలేదు. ఏ బరువు వారైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని సవాలు విసిరారు. మొదట ఎవరూ నమ్మలేదు. చివరకు అమెరికా మల్లుడు డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చాడు. గామా అతనిని రెండు నిమిషాలు కాకముందే ఒకసారి, పది నిమిషాలలోపే మరోసారి చిత్తు చేశారు. అప్పుడు గాని తలుపులు తెరుచుకోలేదు.

1910 సెప్టెంబరు 10న పోలండుకు చెందిన స్టానిస్లాస్ జిబిస్కోతో జాన్ బుల్ బెల్టు కోసం కుస్తీ జరిగింది. బహుమతి 250 పౌన్లు. తనకంటే ఎంతో బరువైన జిబిస్కోను గామా మొదటి నిమిషంలోనే కింద పడేశారు. ఇక అతడు లేవలేదు. వీపు నేలకు తగలకుండా బోర్లా పడుకొని రెండున్నర గంటలకు పైగా చాపను కరచుకొని ఉండిపోయాడు. ఆట తేలలేదు. వారం తరువాత మళ్లీ పెడితే జిబిస్కో రానే లేదు. బెల్టు గామాకు దక్కింది. జాన్ బుల్ అంటే ఇంగ్లండు దేశానికి గుర్తుగా బొమ్మల్లో గీసే లావుపాటి పెద్దమనిషి. ఆ పేరుగల బెల్టు ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న దేశపు మనిషి నడుముకు చేరడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి!

తిరిగి వచ్చాక అలహాబాదులో రహీం బక్ష్‌ను ఓడించి రుస్తుం-ఎ-హింద్ అనిపించుకున్నారు. 1928లో పాటియాలాలో జిబిస్కో మళ్లీ ఎదురుపడ్డాడు. ఈసారి గామాకు నిమిషం కూడా పట్టలేదు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి.

అయితే మేము ఆయనకు ఎక్కువగా నమస్కరించేది 1947లో చేసిన పనికి. దేశ విభజన నాటికి ఆయన లాహోరులో ఉన్నారు. వీధిలోని హిందూ కుటుంబాల మీదికి అల్లరి మూక వచ్చినప్పుడు తన శిష్యులతో అడ్డం నిలబడి వారిని కాపాడారు. ఆ బలానికి ఏ బెల్టూ సరిపోదు.

సంస్థానాలు పోయాక పహిల్వాన్లను పోషించేవారు కరువయ్యారు. చివరి రోజుల్లో గామా జబ్బుతో, డబ్బు ఇబ్బందితో బాధపడ్డారు. సంగతి తెలిసి భారతదేశం నుంచి ఘనశ్యాందాస్ బిర్లా సాయం పంపారు. 1960 మే 23న లాహోరులో ఆయన కన్నుమూశారు. ఎవరి చేతిలోనూ ఓడిన దాఖలా లేదు.

మిత్రులారా! గామాకు అన్నం పెట్టినది రాజుల దయ. రాజులతో పాటు ఆ దయా పోయింది. మన పళ్లెంలోకి వచ్చే అన్నం ఒకరి దయ కాదు, ప్రజల ప్రభుత్వం ఇచ్చిన హక్కు. కాబట్టి తల దించుకోకుండా తిందాం, చదువుదాం, ఆడదాం. పొట్టివాడివి, పేదవాడివి అని ఎవరైనా తలుపు మూస్తే గామాలాగే అక్కడే నిలబడదాం. పైకి వచ్చిన నాడు పక్కింటి వాడికి అడ్డంగా నిలబడదాం.