రుడాల్ఫ్ డీజిల్

విశాఖపట్నం చేపల రేవు నుండి వేకువజామున కడలిలోకి సాగే మరపడవలను నడిపేది డీజిల్ ఇంజను. డీజిల్ అనగానే ఒక చమురు పేరని చాలామంది భావిస్తారు. అది ఒక మనిషి ఇంటిపేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జర్మన్ దంపతులకు జన్మించాడు. 1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం సంభవించడంతో ఆ కుటుంబం లండన్‌కు తరలిపోయింది. పన్నెండేండ్ల బాలుడు చదువు కోసం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి చేరాడు. తరువాత మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే శిష్యుడయ్యాడు. బొగ్గులోని శక్తిలో పదోవంతును మాత్రమే ఆవిరి యంత్రం వినియోగించుకుంటుందన్న సంగతి అతని మనసులో ముల్లులా నాటుకొంది.

గాలిని అత్యధికంగా సంపీడనం చేస్తే అది వేడెక్కుతుంది. అందులో చమురు చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. ఈ ఆలోచనకు 1892లో పేటెంటు కోరాడు. మరుసటి ఏడాది ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో జరిగిన పరీక్షలో పేలుడు సంభవించి, తృటిలో ప్రాణాపాయం తప్పింది. పట్టు విడువలేదు. 1897లో జరిగిన అధికారిక పరీక్షలో అతని యంత్రం ఇంధనశక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. డీజిల్ తన యంత్రాన్ని ఆ నూనె కోసమే నిర్మించాడని కొందరు రాస్తారు, అది పొరపాటు. ఆఫ్రికా వలసలలో పండే వేరుశనగను దృష్టిలో ఉంచుకొని ఆ ప్రయోగం కోరినది ఫ్రెంచి ప్రభుత్వం. అయితే దాని ప్రాధాన్యాన్ని డీజిల్ గ్రహించాడు. పొలంలో పండే నూనెలు ఒకనాడు పెట్రోలియానికి దీటు కాగలవని 1912లో విశ్వాసం ప్రకటించాడు.

కీర్తి పెరిగినా సంపద నిలువలేదు. వ్యాజ్యాలు, అనారోగ్యం, అప్పులు ఆయనను కృంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుండి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడ నుండి అదృశ్యమయ్యాడు. కొన్ని రోజులకు సముద్రంలో దేహం లభించింది. ఆత్మహత్యా, ప్రమాదమా అన్నది నేటికీ తేలలేదు.

చిక్కని నూనెను నేరుగా వాడితే ఇంజనులో మసి పేరుకొంటుంది. 1937లో బెల్జియం శాస్త్రజ్ఞుడు షవాన్ పామాయిల్‌ను ఆల్కహాలుతో చర్య జరిపించి పలుచని ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి బయోడీజిల్ తయారీకి మూలం అదే. విశాఖకు దక్షిణాన కాకినాడ తీరంలో 2000ల దశకంలో అట్టి కర్మాగారాలు వెలిశాయి. అదే కాలంలో దేశమంతటా అడవి ఆముదం నాటించారు గాని, ఆశించిన దిగుబడి రాలేదు. మన చేలగట్ల మీద నీడనిచ్చే కానుగ గింజల నూనెతోనూ బయోడీజిల్ తయారవుతుంది.